సీదా, ఉల్టా: అమ్మ నోటుబుక్కును మళ్ళీ చదువుతూ

దాదాపు పదిహేనేళ్ళ క్రితం స్త్రీల సృజన మీద జరిగిన ఒక సెమినార్‌లో నేనొక పత్రం చదివాను. అందులో మా అమ్మ అల్లిన స్వెట్టర్ల గురించి రాశాను. ధూల్‌పేట్‌లో రెండు గదుల ఇంట్లో అత్తగారినీ, భర్తనీ, ముగ్గురు పిల్లల్నీ చూసుకుంటూ, మధ్యాహ్నం దొరికిన రెండు గంటలూ అమ్మ తనకోసం దాచుకుందనీ, ఊలు బుట్టే ఆమె 'సొంత గది' అనీ, ఎవరి ఆజ్ఞా లేకుండా, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా చేసిన ఏకైక పని అల్లిక అనీ అన్నాను. పత్రం అందరికీ నచ్చింది. భోజనాల దగ్గర చాలామంది నన్ను చుట్టుముట్టి వాళ్ళ అమ్మల క్రోషా పనుల గురించీ, పూసల సంచుల గురించీ, టీవీల మీద పరిచిన గుడ్డల గురించీ చెప్పారు. ఒకరిద్దరికి కళ్ళు కూడా చెమర్చాయి.

ఆ పత్రం తప్పు. అందులోని భావం మీద నాకు ఇప్పటికీ కొంత మమకారం ఉంది కానీ, చదవడం తప్పు చదివాను. నేను అన్నేళ్ళు విద్యార్థులకు పాఠాన్ని దగ్గరగా చదవమని చెప్పినదాన్ని. మా ఇంట్లోని పాఠాన్నే చదవలేకపోయాను. ఈ వ్యాసం ఆ తప్పు దిద్దుకోడానికి రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి చెప్పాలి. ధూల్‌పేట్ అంటే హైదరాబాదులో చాలామందికి గుడుంబా గుర్తొస్తుంది. మంగళ్‌హాట్, జుమ్మేరాత్ బజార్, పురానాపూల్ మధ్య ఇరుకు గల్లీల పేట. నిజాంల కాలంలో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన లోధీ కుటుంబాలు అక్కడ ఎక్కువ. నేను కోఠీ విమెన్స్ కాలేజీలో చదివేటప్పుడు ఇల్లెక్కడ అని అడిగితే 'బేగంబజార్ దగ్గర' అనేదాన్ని. పేట పేరు చెబితే ఎదుటివాళ్ళ మొహంలో వచ్చే మార్పు నాకు తెలుసు. 2015-16లో ప్రభుత్వం గుడుంబా మీద గట్టిగా విరుచుకుపడినప్పుడు పేపర్లలో మా పేట మళ్ళీ మొదటి పేజీకి ఎక్కింది.

కానీ ఆ పేటకు ఇంకో క్యాలెండర్ ఉంది. అది స్త్రీల చేతుల మీద నడిచే క్యాలెండర్. చలికాలమంతా సంక్రాంతి కోసం పతంగులు. ఎండాకాలం నుంచి వినాయక చవితి దాకా బొమ్మలు. రాఖీ పున్నమి ముందు నెలల తరబడి రాఖీలు. మా గల్లీలో ఏ ఇంట్లోకి తొంగిచూసినా నేల మీద కాగితం తావులో, మెరుపు దారాలో, రంగు డబ్బాలో పరిచి ఉండేవి. మగవాళ్ళు వెదురు చీల్చి పుల్లలు చేసేవాళ్ళు, సరుకు బజారుకు వేసేవాళ్ళు. కాగితం కత్తిరించడం, మైదా ఉడికించి జిగురు చేయడం, పుల్లను విల్లులా వంచి అంటించడం, తోకలు పెట్టడం ఆడవాళ్ళూ పిల్లలూ చేసేవాళ్ళు. లెక్క వందల్లో. వందకింత అని కూలి. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఇరవై పతంగులు, చంటిపిల్ల నిద్రపోతే యాభై.

పక్కింటి చాచీది ఆ పనే. ఝాన్సీ వైపు నుంచి ఈ పేటకు కోడలిగా వచ్చింది. అక్కడి చలి వల్ల ఊలు అల్లడం ఆమెకు పుట్టింటి విద్య. నల్లగొండ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన మా అమ్మకు అల్లిక నేర్పింది ఆమే. అందుకే అమ్మ అల్లిక భాషంతా హిందీ. సీదా, ఉల్టా, ఫందా. ఊలు అన్న ఒక్క మాట తప్ప అందులో తెలుగు లేదు.

అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ డిసెంబరు ఆఖర్లో ఇల్లు ఖాళీ చేస్తుంటే ఇనప్పెట్టెలో నాఫ్తలీన్ గోళీల మధ్య, మిగిలిపోయిన ఊలు ఉండల కింద, నేను సెమినార్ పత్రంలో గొప్పగా వర్ణించిన నోటుబుక్కు మళ్ళీ దొరికింది. రెండు వందల పేజీల గీతల పుస్తకం. అట్ట మీద నా పేరు, ఏడో తరగతి, సోషల్ స్టడీస్ అని ఉంటుంది. నేను వదిలేసిన పేజీలు ఆమె వాడుకుంది. ఆరో తరగతితో చదువాపేసిన మనిషి రాసిన ఒకే ఒక్క పుస్తకం అది.

అందులో మూడు రకాల రాతలున్నాయి. మొదటిది వారపత్రికల్లోంచి కత్తిరించి అన్నంమెతుకులతో అంటించిన అల్లికల డిజైన్లు. రెండోది ఆమె సొంత రాత. 'కింద పట్టీ పన్నెండో నంబరు సూది. ఒక సీదా ఒక ఉల్టా. తర్వాత పదో నంబరు.' మూడోది పేజీల అంచుల్లో, వెనక పేజీల్లో అంకెలు. 96. 110. 45. 60. అక్కడక్కడా పక్కన రంగు పేరు. మెరూన్, బిస్కెట్, ఆకాశం. వాటితోబాటు పాలలెక్క, గ్యాసు వచ్చిన తేదీ, మా ఫీజుల కడు తేదీలు.

అంచుల్లోని ఒక రాత గురించి నా పత్రంలో రెండు పేజీలు రాశాను. '1990 డిసెంబరు. కర్ఫ్యూ. వెనక భాగం అయింది. ముందు భాగం సగం.' ఆ నెల పాతబస్తీలో జరిగిన మతకల్లోలాల్లో వందమందికి పైగా చనిపోయారు. మా పేటలో తలుపులు వేసుకుని రోజుల తరబడి కూర్చున్నాం. పాలు లేవు, కూరలు లేవు. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో నాన్న బియ్యం కోసం పరుగెత్తడం గుర్తుంది. మిగతా వేళంతా అమ్మ కిటికీ సందులోంచి వచ్చే వెలుతురులో అల్లుతూ ఉండేది. ఆ ఏడు జనవరి ఒకటికి గల్లీలో ముగ్గు లేదు. బయట హింసా, లోపల దారంతో దారం కలిపే స్త్రీ అని నేను పోలిక కట్టాను. సెమినార్‌లో ఎక్కువ చప్పట్లు వచ్చింది ఇక్కడే.

ముగ్గు గురించి ఒక మాట. మా గల్లీలో డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి మగవాళ్ళది వేరే పండగ. ఎవరింటి ముందు ఎవరు పడిపోతారో తెలియని పండగ. ఆడవాళ్ళు పదకొండు దాటాక వాకిళ్ళు కడిగి చుక్కలు పెట్టేవాళ్ళు. రంగులు నింపి మధ్యలో 'హ్యాపీ న్యూ ఇయర్' అని రాసేవాళ్ళు. ఇంగ్లీషు రాని అమ్మ ఆ అక్షరాలను బొమ్మల్లాగా గుర్తుపెట్టుకుని వేసేది. ఒక ఏడు ఒక అక్షరం తప్పు పోయింది. నేను నవ్వాను. మర్నాటి ఏడు నుంచి అంకె మాత్రమే వేసింది. 1988, 1989 అని. ఏడాదికోసారి మా పేట ఆడవాళ్ళు వీధిలో బహిరంగంగా రాసే రాత అదొక్కటే. కింద సంతకం ఉండదు. పొద్దున తొమ్మిదింటికల్లా స్కూటర్ల కింద పోతుంది.

ఇల్లు ఖాళీ చేసిన ఆ రోజు చాచీ వచ్చి గడప మీద కూర్చుంది. ఆమెకిప్పుడు డెబ్బై అయిదు దాటాయి. వేళ్ళు వంకర తిరిగాయి. నోటుబుక్కు చూపిస్తే గుర్తుపట్టింది. చదవడం రాదు, కానీ అంకెలు వచ్చు. పేజీలు తిప్పుతూ 'యే మార్వాడీ కే బచ్చే కా' అంది. 45 మీద వేలు పెట్టి.

నాకు అర్థం కాలేదు. 45 అంటే ఫందాలు కదా చాచీ, చేతి పట్టీకి, అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది. ఫందాల లెక్క పైన ఉంది బేటీ, ఇది పైసల లెక్క అంది.

తర్వాత ఒక గంట మేమిద్దరం ఆ పుస్తకాన్ని మళ్ళీ చదివాం. నేను అక్షరాలు, ఆమె అంకెలు. పతంగులూ రాఖీలూ వేయడానికి చాచీ బేగంబజార్ వెళ్ళేది. అక్కడి వ్యాపారుల ఇళ్ళనుంచి ఊలు, కొలతలు తెచ్చేది. అమ్మ అల్లి ఇచ్చేది. పసిపిల్లల సెట్టుకు ఇంత, పెద్దవాళ్ళ స్వెట్టరుకు ఇంత. చాచీ ఒక్కో దానికి రెండు రూపాయలు తీసుకునేది. దసరా నుంచి సంక్రాంతి దాకా సీజను. శివరాత్రికి చలి శివశివా అని పోయేసరికి లెక్క ముగిసేది. అప్పుడు ఫీజుల కడు తేదీ. పక్కపక్కనే ఉన్న ఆ రెండు అంకెల్ని నేను ఇరవై ఏళ్ళు చూసీ కలపలేదు.

1990 డిసెంబరు పేజీ కూడా చూపించాను. ఆ ముందు భాగం ఎందుకు సగంలో ఉందో చాచీకి గుర్తుంది. ఊలు అయిపోయింది. ఊలు బేగంబజార్‌లో ఉంది. దారిలో కర్ఫ్యూ ఉంది. జనవరి ఒకటికల్లా ఇవ్వకపోతే డబ్బు రాదు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని చేసింది శాంతిని అల్లడం కాదు, గడువును లెక్కపెట్టుకోవడం. అప్పటికి ఇంట్లో ఉన్న నా పాత స్వెట్టరు విప్పి, ఆ ఊలు కొంత కలిపి పూర్తి చేసిందట. నా స్వెట్టరు ఏమైందని నేనప్పుడు ఏడ్చిన సంగతి కూడా చాచీకి గుర్తుంది.

అమ్మ ఎందుకు దాచింది? నాన్న బేగంబజార్‌లో గుమాస్తా. ఆయన సంపాదనకు ఒక గౌరవం ఉంది. 'మా ఇంట్ల ఆడోళ్ళు పనికి పోరు' అనేది నానమ్మ. ఇంటికొచ్చినవాళ్ళు సూదులు చూసి అడిగితే అమ్మ ఎప్పుడూ ఒకటే మాట. 'ఊకె కూసోబుద్ధి గాక అల్లుతున్న.' ఆ మాటే నేను నా పత్రంలో శీర్షిక కింద పెట్టుకున్నాను. స్త్రీ తన ఇచ్ఛతో చేసే పని అని వ్యాఖ్యానం రాశాను. అది ఆమె అబద్ధం. పరువు కాపాడడానికి కష్టపడి అల్లిన అబద్ధం. దాన్ని నేను సిద్ధాంతం చేశాను.

నాకు సిగ్గేసింది అందుకు మాత్రమే కాదు. ఈ సంగతంతా నేను ఎప్పుడో చదివి ఉన్నాను. పాఠం కూడా చెప్పాను. మరియా మీస్ నర్సాపురం లేసు పనివాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. మన పశ్చిమగోదావరి స్త్రీల గురించి వచ్చిన ఆ పుస్తకం ప్రపంచమంతా స్త్రీవాద ఆర్థిక విశ్లేషణకు పునాదిరాళ్ళలో ఒకటైంది. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో వేలాదిమంది స్త్రీలు ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు క్రోషా సూదితో లేసు అల్లేవారు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు అతుకుపని చేసేవారు. పూర్తయిన దుప్పటి ఎలా ఉంటుందో చాలామంది చూసేవారు కాదు. అది విదేశాలకు పోయేది. మధ్య దళారులూ ఎగుమతిదారులూ బాగుపడ్డారు. అల్లినవాళ్ళకు రోజుకు రూపాయి కూడా గిట్టేది కాదు. ఎందుకంటే వాళ్ళు కూలీలు కారు, 'గృహిణులు'. వాళ్ళది పని కాదు, 'తీరిక వేళ కాలక్షేపం'.

మీస్ చూపించిన ఇంకో సంగతి మనం ఎక్కువగా మాట్లాడుకోం. ఆ లేసు స్త్రీలలో చాలామంది గడప దాటని కులాలవాళ్ళు. పొలంలో పనిచేసే దళిత స్త్రీలు వాళ్ళకంటే ఎక్కువ సంపాదించేవారు. అయినా లేసు అల్లేవాళ్ళు తామే ఎక్కువనుకునేవారు. నీడపట్టున కూర్చున్నామన్న గౌరవం, తక్కువ కూలికి వాళ్ళు కట్టిన ధర. ఎగుమతి వ్యాపారం మొత్తం ఆ గౌరవం మీద నిలబడింది.

ఈ పేరా నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒక్కసారి కూడా మా ఇల్లు గుర్తు రాలేదు. చాచీ నేల మీద పతంగులు అంటించేది 'పని'. మా అమ్మ కుర్చీలో కూర్చుని స్వెట్టరు అల్లేది 'హాబీ'. ఆ తేడా ఎవరు పెట్టారు? నానమ్మ పెట్టింది, అమ్మ ఒప్పుకుంది, నేను సెమినార్‌లో ఆమోదించాను. చాచీ ఇంటికి మేం వెళ్ళేవాళ్ళం కాని, ఆమె వస్తే గడప మీదే కూర్చునేది. ఆ రోజు ఇల్లు ఖాళీ అయ్యాక కూడా గడప మీదే కూర్చుంది. ఆ గడప లోపలివైపు ఉన్నదాన్ని కళ అన్నాం, బయటివైపు ఉన్నదాన్ని కూలి అన్నాం. రెండింటినీ నడిపింది ఆ రెండు రూపాయల కమీషనుతో చాచీ ఒక్కతే. ఆ రెండు రూపాయల మాట విన్నప్పుడు నాకు ముందు కోపం వచ్చింది, స్నేహితురాలి దగ్గర తీసుకుందా అని. మంగళ్‌హాట్ నుంచి బేగంబజార్‌కు నెత్తిన మూటతో నడిచిన కాళ్ళ కూలి అది అని తట్టడానికి రాత్రి అయింది.

ఈ అనుభవం తర్వాత మన సాహిత్యంలో ఇంటిపని గురించి మనం ప్రేమగా చదువుకునే కొన్ని రచనల దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ తీసుకోండి. ఇల్లు అలుకుతూ అలుకుతూ పేరు మరచిపోయిన ఈగ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. దాన్ని ఆమె ఒక చదువుకున్న గృహిణి కథ చేశారు. మనం ఆ కథను ఎప్పుడూ పేరు వైపు నుంచి చదువుతాం. అస్తిత్వం, విస్మృతి, చివరికి స్నేహితురాలు పేరు పెట్టి పిలవడంతో మెలకువ. ఈసారి నేను అలకడం వైపు నుంచి చదివాను. ఆమె పేరు మరచిపోయింది నిర్బంధం వల్ల మాత్రమే కాదు. ఆ పని ఆమెకు బాగా వచ్చు. ఇల్లు అద్దంలా పెడుతుంది. అందరూ మెచ్చుకుంటారు. పేరును తుడిచేసింది గుడ్డ కాదు, మెప్పు. కూలి బదులు మెప్పు అందుకునే పనిలో, చేసినవాళ్ళ పేరు మిగలదు. 'ఇల్లలకగానే పండగ కాదు' అన్న సామెతను మనం తొందరపడవద్దన్న హితవుగా వాడతాం. అలికిన మనిషి వైపు నుంచి వింటే అది ఫిర్యాదు. పండగ తెచ్చిన చేతికి పండగ రాలేదన్న ఫిర్యాదు. ఆ కథ బలం ఆ ఫిర్యాదును నవ్వుతూ వినిపించడంలో ఉంది.

అయితే ఆ కథ కూడా ఒక ప్రశ్న అడగదు. ఆ ఇంట్లో అలికేది వేరే ఆడమనిషైతే? జీతానికి వచ్చే మనిషైతే? ఆమె పేరు ఎవరు మరచిపోయినట్టు? ఇది కథలో లోపమని అనను. ఒక కథ అన్నీ మోయనక్కర్లేదు. కానీ మనం దాన్ని స్త్రీలందరి కథగా పాఠం చెప్పినప్పుడు ఆ ప్రశ్న తరగతి గదిలో అడగాల్సింది మనం.

అల్లిక మీద స్త్రీవాద విమర్శలో రెండు దారులున్నాయి. ఒకటి, అది సంకెల. ఆడపిల్లను కదలకుండా కూర్చోబెట్టడానికి, చూపు దించుకునేలా చేయడానికి నేర్పిన విద్య. ఆడపిల్లల బడుల్లో 'కుట్లూ అల్లికలూ' పీరియడు ఉండేది అందుకే. రెండోది, అది కళ. మ్యూజియంలో చోటు దక్కని కళ. రోజికా పార్కర్ 1984లో ఎంబ్రాయిడరీ చరిత్ర రాస్తూ ఈ రెండూ ఒకే సూదిలో ఉన్నాయని వాదించింది. స్త్రీత్వాన్ని నేర్పిన సూదే దానిమీద తిరగబడే సాధనం కూడా అయిందని. అలిస్ వాకర్ 1973 నాటి కథలో అమ్మమ్మ బొంతల్ని గోడకు తగిలించాలనుకునే చదువుకున్న కూతురు ఉంది, వాటిని కప్పుకుని వాడుకునే ఇంకో కూతురూ ఉంది. తల్లి బొంతలు రెండో కూతురికే ఇస్తుంది. నేను ఆ కథ చదివిన ప్రతిసారీ తల్లి పక్షాన ఉన్నాననుకున్నాను. తీరా చూస్తే గోడకు తగిలించిన కూతుర్ని నేనే.

నవలల్లో అల్లే స్త్రీలు నాకు ఎప్పుడూ ఇష్టం. వర్జీనియా వుల్ఫ్ 'టు ద లైట్‌హౌస్' (1927)లో మిసెస్ రాంసే లైట్‌హౌస్ కాపరి కొడుకు కోసం మేజోడు అల్లుతూ ఉంటుంది. డికెన్స్ 'ఎ టేల్ ఆఫ్ టు సిటీస్' (1859)లో మదాం డెఫార్జ్ చావవలసినవాళ్ళ జాబితాను అల్లికలో దాస్తుంది. ఒకరిది దయ, ఒకరిది పగ. ఇద్దరూ కూలికి అల్లలేదు. ఊలు ఎంతకు కొన్నారో, గంటకు ఎన్ని వరసలు వచ్చాయో ఆ పేజీల్లో లెక్క లేదు. అయినా డెఫార్జ్ ఒక్కతే నాకు ఇప్పుడు అమ్మకు దగ్గరగా కనిపిస్తోంది. ఆమె అల్లికను కూడా చుట్టూ ఉన్నవాళ్ళు కాలక్షేపమనే అనుకున్నారు. అది లెక్క.

మన దగ్గర అబ్బూరి ఛాయాదేవి గారు పారేసిన వస్తువులతో బొమ్మలు చేసేవారు. వాటిని ఇష్టంగా చేసి, ఇష్టంగా పంచేవారు. అది నిజమైన సరదా. అలాంటి సరదా ఉండకూడదని నేను అనడం లేదు. అసలు ఆ సరదా కోసమే మనం పోరాడాలి. తన ఇష్టానికి చేతులు కదపగల తీరిక స్త్రీకి హక్కుగా రావాలి. నా బాధ వేరే. తీరిక ఉన్నవాళ్ళ మాట తీసుకుని, తీరిక లేనివాళ్ళ పనికి పేరు పెట్టేశాం.

జాతీయ కాలవినియోగ సర్వేలో 2019లో జీతం లేని ఇంటిపని చేసిన స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పని చేసిన పురుషులు 97 నిమిషాలు వెచ్చించినట్టు తేలింది. 2024 సర్వేకు అది 289, 88 అయింది. అయిదేళ్ళకు స్త్రీలకు పది నిమిషాలు మిగిలాయి. అలాంటి సర్వేవాళ్ళు 1990 డిసెంబరులో మా ఇంటికి వచ్చి ఉంటే, కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని చూసి ఏ గడిలో రాసుకునేవాళ్ళు? అడిగితే ఆమె చెప్పే జవాబు మనకు తెలుసు. ఊకె కూసోబుద్ధి గాక. తీరిక, హాబీ అన్న గడిలో రోజుకు నాలుగు గంటలు పడి ఉండేవి. ఇళ్ళలో ఉండి పనిచేసేవాళ్ళను శ్రామికులుగా గుర్తించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒప్పందం చేసింది. దాన్ని మన దేశం ఆమోదించలేదు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు గుర్తింపు వచ్చింది, మంచిదే. అల్లినవాళ్ళ పేర్లకూ కూలికీ అది ఎంత చేరుతుందన్నది ఆ గుర్తింపుకు అసలు పరీక్ష.

కాబట్టి ఇంటిపని మీద, చేతిపని మీద ఒక రచన చదివినప్పుడు మన విమర్శకులు మూడు చిన్న ప్రశ్నలు అడిగితే బాగుంటుందని నాకనిపిస్తోంది. దారం ఎవరిది? గడువు ఎవరు పెట్టారు? పని చేసే మనిషి ఆ పని గురించి చెప్పే మాట, ఎవరు వింటుండగా చెబుతోంది? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. స్త్రీల గొంతు వినాలని మనం ఇన్నేళ్ళు అన్నాం. గొంతు విన్నాం. గది అవతల అత్తగారు కూడా వింటోందన్న సంగతి మరిచాం.

నోటుబుక్కులో ఒకే ఒక్క స్వెట్టరు పక్కన అంకె లేదు. మెరూన్ రంగు, పన్నెండేళ్ళ పిల్ల కొలతలు. అప్పటికి నాకు పన్నెండేళ్ళే. మనసులో ఒక ముగింపు సిద్ధమైపోయింది. అన్నిటికీ వెల కట్టిన అమ్మ, నాదానికి మాత్రం కట్టలేదు అని. చాచీని అడిగాను. ఆమె కళ్ళు చికిలించి చూసింది. అది ఫలానా దుకాణం వాళ్ళ అమ్మాయిది, వాళ్ళు డబ్బు ఎగ్గొట్టారు, మీ అమ్మ రెండేళ్ళు అడిగింది అంది. మావి అసలు ఆ పుస్తకంలోనే లేవు. లెక్క లేనిదాన్ని రాయడమెందుకు?

మొన్న డిసెంబరు ముప్పై ఒకటిన మళ్ళీ ధూల్‌పేట్ వెళ్ళాను. చాచీ కోడలు పతంగులు అంటిస్తోంది, మనవరాలు ఫోను చూసుకుంటూనే తోకలు కత్తిరిస్తోంది. ఈసారి నేను గడప మీద కూర్చున్నాను. ఈ వ్యాసం రాస్తున్నానని, ఇందులో ఆమె కూడా ఉందని, పేరు రాయనని చెప్పాను. కొత్త సంవత్సరం సంగతి అడిగితే, సంక్రాంతి అయి బజారువాళ్ళు బాకీ తీర్చిన రోజే మాకు కొత్త సంవత్సరం అంది. తర్వాత, నువ్వు రాసేదానికి ఎంతిస్తారు బేటీ, పేజీకా, మొత్తానికా అని అడిగింది.

ఏమీ ఇవ్వరు చాచీ, మేం ఇష్టంతో రాస్తాం అన్నాను.

'అచ్ఛా' అంది చాచీ, కోడలి వైపు తిరిగి నవ్వుతూ. 'షౌక్ హై.'